శస్త్రచికిత్స విజయవంతమైన తరువాత

వార్షిక సంచికకు ఎప్పటివలె ఒక సాహిత్య వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గంవారు నన్ను కోరారు. తెలుగు అధ్యాపకురాలిని గనుక ఆ కోరిక సహజమే. అయితే ఈ సంవత్సరం ప్రబంధాలను ప్రక్కనబెట్టి మా ఇంటి సంగతి ఒకటి వ్రాస్తున్నాను. అది నా తమ్ముడి సంగతి. ఇందులో పెద్దల యెదుట పలుకరాని మాటలు కొన్ని వస్తాయి. మలము, మలద్వారము అనే మాటలు శరీరశాస్త్ర పాఠంలో చదివినప్పుడు మనకు సంకోచం కలుగదు. అవే మాటలు ఇంట్లో తిరుగాడే మనిషిని గురించి పలుకవలసివస్తే నోరు పెగలదు. ఆ నోరు పెగలకపోవడం వల్లనే మా ఇంట్లో తొమ్మిదేళ్ళు వ్యర్థమైనాయి. కనుక కళాశాల కమిటీ పెద్దలు నన్ను మన్నించాలి.

కర్నూలు జిల్లాలో కె.సి. కాలువ పారే ఒక చిన్న పట్టణం మాది. అబ్బాకు అద్దె సైకిళ్ళ దుకాణం ఉండేది. 1991 ఫిబ్రవరిలో, నాకు పదకొండేళ్ళ వయస్సులో, తమ్ముడు పుట్టాడు. ముగ్గురు ఆడపిల్లల తరువాత కలిగిన మగబిడ్డ. చెవిలో అజాన్ వినిపించారు, నానీ నాలుకపై తేనె రాసింది, వీధిలో మిఠాయి పంచారు. పుట్టిన చోట బిడ్డను తూచారు, తుడిచారు, గుడ్డలో చుట్టి ఇచ్చారు. వెనుకకు త్రిప్పి చూసినవారు మాత్రం లేరు. మరునాటి సాయంకాలానికి పొట్ట డోలువలె బిగిసింది, పసరు వాంతులు మొదలైనాయి. గుడ్డ మార్చబోయిన నానీ ఒక్కసారిగా కేక వేసింది. మలద్వారం ఉండవలసిన చోట చర్మం నున్నగా మూసుకుని ఉంది. మూత్రంలో మాత్రం ఆకుపచ్చని పసరు తునకలు కనిపిస్తున్నాయి.

అటువంటి బిడ్డలు దాదాపు ఐదువేల జననాలకు ఒకరు చొప్పున, అన్ని దేశాలలోనూ అన్ని కులాలలోనూ పుడుతూనే ఉంటారని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. తల్లి కడుపులో బిడ్డ రూపుదిద్దుకొనే మొదటి రెండు నెలలలో మూత్రమార్గమూ మలమార్గమూ వేరుపడవలసిన ఘట్టంలో జరిగే లోపమిది. మగపిల్లలలో తరచుగా ప్రేగు చివర మూసుకుపోయి, సన్నని దారి ఒకటి మూత్రనాళంలోనికి తెరుచుకుంటుంది. మా తమ్ముడిదీ అదే రకం. ఆడపిల్లలలో సాధారణంగా ఆ రంధ్రం యోనిముఖం వద్దనే ఉంటుంది. మలం ఎలాగో ఒకలాగ వెలుపలికి వస్తున్నది గదా అని అక్కడి లోపాన్ని నెలల తరబడి గమనించనివారు ఉన్నారు. దీనికి తోడు వెన్నెముక, మూత్రపిండాలు, గుండె కూడా లోపంతో ఉండవచ్చును గనుక వైద్యులు ముందుగా వాటిని పరీక్షిస్తారు. ఇవేమీ తెలియని మా వీధివారు గ్రహణం నాడు అమ్మీ కత్తిపీట ముట్టుకున్నదేమోనని లెక్కలు కట్టారు. గ్రహణం విషయంలో మా వీధిలో హిందూ ముస్లిం భేదం లేదు. ఆ మాట అమ్మీ మనస్సులో ములుకువలె దిగబడిపోయింది.

ఆ రాత్రే ఆర్టీసీ బస్సులో హైదరాబాదుకు బయలుదేరారు. అక్కడ పెద్దాస్పత్రిలో మూడు విడతలుగా చికిత్స జరిగింది. మొదట పెద్దప్రేగును పొట్టపైకి తెరచి మలానికి తాత్కాలికమైన దారి ఏర్పరచారు. దానిని కొలాస్టమీ అంటారు. 1992లో అసలైన శస్త్రచికిత్స చేసి పురీషనాళాన్ని దాని స్థానానికి దించారు. అది మానిన పిమ్మట పొట్టమీది దారిని మూసివేశారు. అబ్బా అద్దె సైకిళ్ళు పద్నాలుగింటిలో తొమ్మిది అమ్ముడుపోయాయి. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ఆరంభమైన తరువాత బీద కుటుంబాలకు శస్త్రచికిత్సల భారం కొంత తీరింది గాని మా నాటికి అది లేదు.

ఈ శస్త్రచికిత్స చరిత్రను నేను తరువాత ఆసక్తితో చదివాను. ఏడవ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు పౌలస్ ఈజినేటా దీనిని వర్ణించాడు. పదవ శతాబ్దపు కార్డొవాలో అల్ జహ్రావీ తన 'అత్తస్రీఫ్' గ్రంథంలో ఇటువంటి శిశువుల ప్రస్తావన చేశాడు. కప్పి ఉన్న పొరను మంత్రసాని వేలితో చీల్చవలెనని, అది కుదరకపోతే కత్తి వాడవలెనని, అయితే అక్కడి కండరానికి కత్తి తగులరాదని ఆయన హెచ్చరిక. ఆ కండరమే సమస్య అంతా. మలాన్ని పట్టి ఉంచేదీ విడిచేదీ అదే. వెయ్యేళ్ళ తరువాత కూడా శస్త్రవైద్యులు ఆ కండరాల నడుమ చాలావరకు తడుముకుంటూనే పనిచేసేవారు. 1980లో మెక్సికో నగరంలో ఆల్బర్టో పెన్యా అనే వైద్యుడు, పీటర్ డివ్రీస్‌తో కలిసి, బిడ్డను బోర్లా పరుండబెట్టి వెనుకవైపు సరిగ్గా మధ్యరేఖపై కోత పెట్టి, సన్నని విద్యుత్తుతో కండరాలు ఎక్కడెక్కడ ముడుచుకుంటున్నవో కన్నులార చూచుకుంటూ ప్రేగును వాటి నడుమ అమర్చే పద్ధతిని కనిపెట్టాడు. 1982లో అది వైద్యపత్రికలో ప్రకటితమైంది. పదేళ్ళకే ఆ విద్య మా తమ్ముడి దాకా వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

"ఆపరేషను విజయవంతమైంది" అని డాక్టరుగారు అబ్బా భుజం తట్టి చెప్పారట. అది అబద్ధం కాదు. ఆయన చేతిపని లోపరహితమైనదని తరువాత పరీక్షించిన వైద్యులందరూ అన్నారు. అయితే ఆ ఒక్క వాక్యాన్ని మేము ఇంటికి తెచ్చుకుని, దానిమీద నమ్మకంతో తొమ్మిదేళ్ళు గడిపాము. ఆస్పత్రిలో నేర్పిన పని ఒకటి ఉంది. క్రొత్తగా ఏర్పడిన ద్వారం ముడుచుకుపోకుండా లోహపు కడ్డీలతో రోజుకు రెండుమార్లు దానిని సాగదీయాలి. కొంతకాలానికొకసారి కడ్డీ పరిమాణం పెంచుకుంటూ పోవాలి. ఆ పని అమ్మీ చేసేది. బిడ్డ కాళ్ళు పట్టుకొనేది నేను. నానీ ఆ సమయానికి పెరట్లోకి వెళ్ళి నీళ్ళు తోడుతూ ఉండేది, అవసరం ఉన్నా లేకపోయినా. నెలలకు గాని ఆ పని ముగియలేదు. ఇక బాధలు తీరినవని అందరమూ అనుకున్నాము.

బడిలో చేర్చిన తరువాత అసలు సంగతి మొదలైంది. రోజూ లాగు మరకపడేది. ఒక్కోనాడు నాలుగుమార్లు. మలవిసర్జనకు వెళ్ళి కూర్చుంటే మాత్రం ఏమీ వచ్చేది కాదు. ఎదిగిన పిల్లవాడు ఇట్లా చేయడం బద్ధకమనీ మొండితనమనీ మా అందరి తీర్పు. ఆపరేషను విజయవంతమైందని డాక్టరే చెప్పినాడు గదా! బడిలో వాడికి వేరుగా ఒక బల్ల వేశారు. పిల్లలు పెట్టిన పేరును ఇక్కడ వ్రాయను. ఆటల గంటలో వాడు చెట్టుకు వీపు ఆనించి నిలబడి ఉండేవాడని, వెనుకభాగం ఎవరికీ కనిపించకుండా అలా నిలబడేవాడని, పెద్దయిన తరువాత వాడే చెప్పాడు.

1998 జనవరిలో రంజాను పండుగ వచ్చింది. వాడికి ఏడేళ్ళు నిండబోతున్నవి. తెల్లని కుర్తా పైజామా కుట్టించారు. అబ్బాతో ఈద్‌గాకు వెళ్ళి, చివరి వరుసకు వెనుక, చెప్పులు విడిచే చోట నిలుచున్నాడు. తిరిగివచ్చేసరికి పైజామా పాడైపోయింది. ఇంటినిండా బంధువులు. సేమ్యా పాయసం పళ్ళెరం చేతబట్టుకుని నిలబడిన నా ఇంటర్మీడియట్ స్నేహితురాలు ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకుంది. నేను వాడి రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకుపోయి చెంపమీద కొట్టాను. పండుగనాడు కొట్టాను. వాడు ఏడవలేదు. "మాలూమ్ నై హువా ఆపా" అన్నాడు. నాకు తెలియలేదు అక్కా అని. దానిని నేను అబద్ధంగా లెక్కగట్టి ఇంకొక దెబ్బ వేశాను.

2000 వేసవిలో ఒక బంధువు పెండ్లికి హైదరాబాదు వెళ్ళినప్పుడు, ఎవరో చెప్పగా, పిల్లల శస్త్రవైద్యురాలు ఒకరి వద్దకు వాడిని తీసుకుపోయాము. ఆవిడ వాడి కడుపును చేతితో తడిమి, ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి మాకు చూపింది. పొట్ట ఎడమవైపు నుండి క్రింది దాకా ప్రేగు మలంతో నిండి గుమ్మడికాయంత సాగి ఉంది. "ఇంత నిండిన కుండలో పైన పోసిన నీరు ప్రక్కల నుండి కారదా? వీడికి ఉన్నది మలబద్ధకం. మీరు చూస్తున్నది దాని పొంగు. వీడి తప్పు ఏమీ లేదమ్మా" అన్నది. అమ్మీ ఆ మాటకు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గ్రహణం సంగతి అప్పుడు అడిగింది. అది కూడా కాదని డాక్టరమ్మ చెప్పింది. నేను మాత్రం పైజామాను తలచుకుంటూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తరువాత చేసింది బ్రహ్మవిద్య ఏమీ కాదు. డాక్టరమ్మ కొలిచి చెప్పిన ఎనీమా రోజుకొకసారి, ఒకే వేళకు. ప్రేగు పూర్తిగా ఖాళీ అయిందో లేదో మధ్య మధ్య ఎక్స్‌రే. ఒకమారు శుభ్రంగా ఖాళీ అయితే మరునాటి దాకా కారడానికి లోపల ఏమీ మిగలదు, అంతే. ఏ బిడ్డకు ఎంత కొలత, ఏ మందు అనేది వైద్యులే నిర్ణయించవలసిన విషయం. ప్రేగు మందకొడిగా కదిలే బిడ్డకొక విధం, వడివడిగా కదిలే బిడ్డకు మరొక విధం. మా ఇంట్లో ఇషా నమాజు తరువాత ఆ కార్యక్రమం. వాడు ముప్పావుగంట కూర్చోవలసి వచ్చేది. తొమ్మిదేళ్ళ పిల్లవాడిని అంతసేపు కూర్చోబెట్టడం ఎట్లాగని ఆలోచించి, నేను తలుపు ఇవతల ముక్కాలిపీట వేసుకుని 'చందమామ' చదవడం మొదలుపెట్టాను. విక్రమార్కుడు చెట్టుపై నుండి శవాన్ని దించుకుని నడుస్తూ ఉండేవాడు, లోపలి నుండి ప్రశ్నలు వస్తూ ఉండేవి. ఉర్దూ మీడియంలో చదివే మా తమ్ముడు తెలుగు నేర్చింది అక్కడే. నేను ఈనాడు మీకు పాఠం చెప్పే కంఠం తీరు కూడా అక్కడ అలవడిందే కాబోలు.

నాలుగవ వారానికి వాడి లాగు రోజంతా శుభ్రంగా ఉంది. అయిదవ వారంలో బడిలో కబడ్డీ ఆడాడు. మోకాలు చీరుకుపోయి ఇంటికి వచ్చినవాణ్ణి చూసి అమ్మీ సంతోషించింది.

నేను అధ్యాపకవృత్తిలో ప్రవేశించాక ఈ విషయంపై దొరికిన వైద్యవ్యాసాలు చదువసాగాను. తెలుగు పండితురాలికి ఇదేమి వ్యసనమని మా స్టాఫ్ రూములో హాస్యమాడేవారు. వాటిలో నన్ను కదిలించినది ఒకటుంది. 2005లో జర్మనీలోని క్రికెన్‌బెక్ అనే చోట వివిధ దేశాల శస్త్రవైద్యులు సమావేశమై, ఈ బిడ్డల ఫలితాలను కొలవడానికి ఒక ఉమ్మడి పద్ధతిని నిర్ణయించారు. అంతకు మునుపు ఒక్కొక్కరిది ఒక్కొక్క కొలత. ఒకరి 'విజయం' మరొకరి 'వైఫల్యం' అయ్యేది. క్రికెన్‌బెక్ కొలతలు మూడు. బిడ్డకు మూడేళ్ళు దాటాక చూడవలసినవి. మొదటిది, మలవిసర్జన అవసరం వాడికి తెలుస్తున్నదా, నోటితో చెప్పగలడా, ఆపుకోగలడా. రెండవది, బట్టలు పాడవడం. వారానికి ఒకటి రెండుమార్లయితే మొదటి తరగతి; ప్రతిరోజూ అయినా సామాజికంగా ఇబ్బంది లేకపోతే రెండవది; ఎడతెగక జరిగి సమాజంలో ఇబ్బంది కలిగిస్తే మూడవది. మూడవ కొలత మలబద్ధకం. ఆహారంతో తీరేది, మందులతో తీరేది, దేనికీ లొంగనిది.

ఆ మొదటి కొలత చదివినప్పుడు నా చేయి ఆగిపోయింది. 'తెలుస్తున్నదా' అని అందరికంటే ముందు అడుగుతున్నారు. మాలూమ్ నై హువా. ఏడేళ్ళ బిడ్డ పెరట్లో చెంప పట్టుకుని చెప్పినది వైద్యశాస్త్రంలో మొట్టమొదటి ప్రశ్నకు సరైన సమాధానం!

రెండవ కొలత విషయంలో మాత్రం నాకు ఒక చిన్న ఆక్షేపణ ఉంది. రెండవ తరగతికీ మూడవ తరగతికీ నడుమ ఉన్న గీత బిడ్డ దేహంలో లేదు, చుట్టూ ఉన్నవారిలో ఉన్నది. అదే మరక ఒక బడిలో రెండవ తరగతి, వేరు బల్ల వేసిన బడిలో మూడవ తరగతి. వైద్యులు ఈ సంగతి ఎరిగే ఆ మాట పెట్టి ఉంటారు.

ఇక అంకెలు. పెన్యా తాను చికిత్స చేసిన వెయ్యిమందికి పైబడిన పిల్లల ఫలితాలను 2000లో ప్రకటించాడు. దాదాపు నాలుగింట మూడువంతుల మందికి తమంత తాముగా మలవిసర్జన చేసే శక్తి వచ్చింది. అయితే వారిలో సుమారు సగం మందికి అప్పుడప్పుడు బట్టలు పాడవుతూనే ఉన్నవి. మిగిలిన నాలుగవ వంతుకు అదుపు రాలేదు. ప్రపంచంలో ఆ విద్యను కనిపెట్టిన చేతులు చేసినా ఫలితమిది! ద్వారం చర్మానికి దగ్గరగా ఉన్న బిడ్డలు చాలావరకు బాగుపడతారు గాని వారినే మలబద్ధకం ఎక్కువగా పీడిస్తుంది. మూత్రాశయం మెడ దాకా పైన తెరుచుకున్నవారికి, వెన్నెముక చివరనున్న త్రికాస్థి సరిగా ఏర్పడనివారికి అదుపు రావడం కష్టం. ఎముకా నరమూ లేనిచోట కత్తి వాటిని సృష్టించలేదు. అట్లాగని వారు మరకలతోనే బ్రతకవలసిన పనిలేదు. క్రమం తప్పని ఎనీమాతో వారిలో అత్యధికులను శుభ్రంగా ఉంచవచ్చునని అనుభవజ్ఞులు చూపించారు. 1990లో ఇంగ్లాండులో మెలోన్ అనే వైద్యుడు అపెండిక్సును నాభి వద్దనో పొట్టపైనో సన్నని దారిగా మలచి, పైనుండే ప్రేగును కడుక్కొనే ఉపాయం కనిపెట్టాడు. పెద్దయిన బిడ్డ ఎవరి సహాయమూ లేకుండా తానే చేసుకోవచ్చును. మా తమ్ముడికి ఆ అవసరం రాలేదు. పదహారేళ్ళ ప్రాయంలో, వేసవి సెలవులలో, డాక్టరమ్మ పర్యవేక్షణలో ఎనీమా మాని విరేచనపు మందుతో ప్రయత్నించారు. రెండవ సంవత్సరం అది కుదిరింది.

మరొక సంగతి చెప్పవలసి ఉంది. పన్నెండేళ్ళు దాటాక వాడు నమాజు మానివేశాడు. వజూ నిలవదనీ, తన వల్ల జాగా అపవిత్రమవుతుందనీ. ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం మస్జిదుకని వెళ్ళి కాలువగట్టున కూర్చుని వచ్చేవాడు. అబ్బాకు తెలిసి మా వీధి మౌల్వీసాబును అడిగాడు. ఆయన ఏమాత్రం వెగటు లేకుండా, ఇటువంటివారిని ఫిఖహ్‌లో 'మాజూర్' అంటారనీ, షరతులు ఉన్నవి గాని, తన అదుపులో లేని కారుడుతో బాధపడేవాడికి ఒక్కో నమాజు వేళకు ఒక్కో వజూ చాలుననీ విడమరచి చెప్పాడు. వందల ఏండ్లనాటి గ్రంథాలలో తనవంటివాడికొక పేరూ ఒక చోటూ ఉన్నదని విని వాడు చాలాసేపు మాట్లాడలేదట.

ఇక మన వద్దకు వస్తాను. 2007లో వాడు ఇంటర్మీడియట్‌లో చేరాడు. ఏ కళాశాలయో వ్రాయను, మనది మాత్రం కాదు. మందు మార్చుకుంటున్న ఆ సంవత్సరం ఉదయపు తరగతులు తరచుగా తప్పాయి. హాజరు చాలలేదు. వైద్యుల సర్టిఫికెట్ తెస్తే మినహాయింపు ఇస్తామన్నారు. సర్టిఫికెట్ ఉన్నది. కాని దానిని ఆఫీసు కిటికీలో ఇవ్వాలి. గుమాస్తా దానిని చదివి, రిజిస్టరులో కారణం వ్రాసుకోవాలి. కిటికీ వద్ద ఎల్లప్పుడూ పదిమంది విద్యార్థులు ఉంటారు. వాడు కిటికీ దాకా మూడురోజులు వెళ్ళివచ్చి, నాల్గవరోజు సర్టిఫికెట్ చించివేసి, ఒక సంవత్సరం పోగొట్టుకున్నాడు.

కాబట్టి కళాశాల కమిటీవారికి నా విన్నపం. ఏ విద్యార్థి అయినా తన వైద్యపత్రాన్ని మూసిన కవరులో ప్రిన్సిపాలుగారికే నేరుగా ఇచ్చే వీలు కల్పించండి. రిజిస్టరులో 'వైద్యకారణం' అన్న ఒక్కమాట చాలును. తరగతి నుండి వెలుపలికి పోవడానికి చేయెత్తి కారణం చెప్పే నియమాన్ని సడలించండి. విద్యార్థినుల వైపు ఒకటి, విద్యార్థుల వైపు ఒకటి, లోపల కుళాయి, బిగుతైన గడియ, బట్టలు తగిలించుకొనేందుకు ఒక మేకు ఉన్న మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. ఖర్చు ఎంతో నేను మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను. కమిటీ సమావేశంలో చెప్పగలను. మనకు అటువంటి విద్యార్థులు లేరని ఎవరైనా అంటే, మా తమ్ముడు చదివిన చోట కూడా అలాగే అనుకున్నారని మాత్రం మనవి చేస్తాను.

తమ్ముడు ఇప్పుడు ముప్పై దాటిన గృహస్థు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాడు. నిఖాహ్‌కు ముందు సంగతంతా పెండ్లికూతురి తండ్రికి తానే వెళ్ళి చెప్పివచ్చాడు. రాత్రి మందు తప్పదు, పెండ్లి విందులలో పెరుగన్నంతో సరిపెట్టుకుంటాడు, దూరప్రయాణానికి ముందురోజు ఎనీమా చేసుకుంటాడు. మూడేండ్ల కూతురుంది. ఆ బిడ్డ పుట్టిన నిమిషంలోనే నర్సు చేతిలో నుండి అందుకుని, గుడ్డ విప్పి వెనుకకు త్రిప్పి చూశాడు.

ఈ వ్యాసం వ్రాయడానికి వాడి అనుమతి తీసుకున్నాను. "పేరు వ్రాయకు ఆపా, తక్కినదంతా వ్రాయి" అన్నాడు. ప్రతిని దుకాణంలో కూర్చుని రెండుమార్లు చదివాడు. చెంపదెబ్బ సంగతి చదివి ఏమీ అనలేదు. ఈద్‌గా వాక్యం వద్ద మాత్రం ఆగాడు. చెప్పులు విడిచే చోట కూర్చున్నాడని నేను వ్రాశాను. కలం అడిగి తీసుకుని, ఆ మాట కొట్టివేసి, 'నిలుచున్నాడు' అని తన చేతితో దిద్ది ఇచ్చాడు. కూర్చుంటే మరక అంటుతుందని ప్రసంగం ముగిసేదాకా నిలబడే ఉన్నాడట.